పన్నెండు వేళ్ల పేగు.. ‘గ్యాస్’ అని వదిలేయొద్దు!

జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్న ముక్క అది. పొడవు జానెడు కన్నా కాస్త ఎక్కువ. కానీ ఆమ్లం, పైత్యరసం, క్లోమరసం.. మూడూ కలిసేది అక్కడే. రక్తానికి కావాల్సిన ఐరన్‌ను ఒంటికి పట్టించేదీ అదే. పొట్టలో పుండ్లు ఎక్కువగా పడేదీ అక్కడే. అయినా దాని పేరు చాలామందికి తెలియదు. ఏ ఇబ్బంది వచ్చినా ‘గ్యాస్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తుంటాం. అసలు ఏమిటీ డుయోడినం? ఎక్కడుంటుంది? దాని గురించి మనకెందుకు తెలియాలి?

తెల్లవారుజామున నాలుగున్నరకు క్యాజువాలిటీకి ఒక ఉపాధ్యాయుడిని తీసుకొచ్చారు. వయసు యాభై దాటింది. బాత్రూమ్‌లో కళ్లు తిరిగి పడిపోయారు. ఒళ్లంతా చల్లబడి, చెమటలు పట్టి ఉన్నాయి. నాడి నిమిషానికి 120 దాటి కొట్టుకుంటోంది. బీపీ పడిపోయింది. కింది కనురెప్పను లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

‘‘ఏమీ లేదు డాక్టరు గారూ, రెండు నెలల నుంచీ గ్యాస్. మాత్ర వేసుకుంటే తగ్గుతోంది, మళ్లీ వస్తోంది. నిన్నటి నుంచి విరేచనం నల్లగా అవుతోందన్నారు. పెళ్లి భోజనం పడలేదేమో అనుకున్నాం’’ అన్నారు ఆయన భార్య.

ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో కొన్న మాత్రల సంగతి బయటపడింది. రోజుకు రెండు చొప్పున, నాలుగు నెలలుగా వేసుకుంటున్నారట. రక్తం ఎక్కించి, కాస్త నిలదొక్కుకున్నాక ఎండోస్కోపీ చేయించాం. డుయోడినం మొదటి భాగంలో, వెనక గోడ మీద పుండు. దాని అడుగున రక్తనాళం నుంచి రక్తం కారుతోంది. ఎండోస్కోపీతోనే ఇంజెక్షన్ ఇచ్చి, క్లిప్ వేసి రక్తస్రావాన్ని ఆపారు. ఆయన బతికి బయటపడ్డారు.

మర్నాడు వాళ్ల అమ్మాయి అడిగింది. ‘‘పొట్టలో అల్సర్ అంటే తెలుసు గానీ, ఈ డుయోడినం ఏంటి డాక్టర్? ఎప్పుడూ వినలేదే!’’ ఆ అమ్మాయికి కేస్‌షీటు వెనక బొమ్మ గీసి చెప్పిన సంగతులే ఇవి.

పేరులోనే కొలత

చిన్నపేగు మొత్తం పొడవు సుమారు 6 మీటర్లు. అందులో తొలి 25 సెంటీమీటర్ల ముక్కే డుయోడినం. తెలుగులో ఆంత్రమూలం అంటారు. ఆ తర్వాత వచ్చేవి జెజునం, ఇలియం. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ అనే వైద్యుడు ఈ భాగాన్ని వేళ్లతో కొలిచి, పన్నెండు వేళ్లను పక్కపక్కన పెడితే ఎంత వెడల్పో అంత పొడవుందని ‘పన్నెండు వేళ్లది’ అని గ్రీకులో పేరు పెట్టాడు. దాన్ని లాటిన్‌లోకి మారిస్తే వచ్చిన పేరే డుయోడినం. లాటిన్‌లో ‘డుయోడెనీ’ అంటే పన్నెండేసి అని అర్థం.

ఇది ఇంగ్లిష్ ‘సి’ అక్షరంలా వంగి ఉంటుంది. ఆ వంపులో క్లోమగ్రంథి తలభాగం ఒళ్లో బిడ్డలా ఒదిగిపోయి ఉంటుంది. బొడ్డుకు పైన, కాస్త కుడివైపున, నడుము దగ్గరి మొదటి మూడు వెన్నుపూసల ఎదురుగా దీని చోటు. మిగతా చిన్నపేగు పొట్టలో అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. డుయోడినం అలా కాదు. మొదటి రెండున్నర సెంటీమీటర్లు తప్ప మిగతాదంతా పొట్ట వెనక గోడకు అతుక్కుని కదలకుండా ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. దీనికి వచ్చే జబ్బులు చాలావరకు ఇది ఎక్కడుంది, దీని ఇరుగుపొరుగు ఎవరు అనే దాన్నిబట్టే ఉంటాయి.

నాలుగు భాగాలు.. నాలుగు కథలు

డుయోడినం చిన్నదే అయినా దాన్ని నాలుగు భాగాలుగా చూస్తాం. ఒక్కో భాగానికి ఒక్కో పని, ఒక్కో ముప్పు.

మొదటి భాగం: సుమారు 5 సెంటీమీటర్లు ఉంటుంది. జీర్ణాశయం చివర పైలోరస్ అనే కండరపు గేటు ఉంటుంది. అది తెరుచుకోగానే ఆమ్లంతో కలిసిన ఆహారం వచ్చి పడేది ఇక్కడే. ఆ వేడిని ముందుగా భరించేది ఈ భాగమే కాబట్టి, డుయోడినంలో వచ్చే పుండ్లలో నూటికి తొంభైకి పైగా ఇక్కడే పడతాయి.

పుండు ఏ గోడ మీద పడిందన్నది కూడా ముఖ్యమే. ముందు గోడకు అవతల పొట్టలోని ఖాళీ జాగా ఉంటుంది. అక్కడి పుండు లోతుకు వెళితే పేగుకు చిల్లు పడి, లోపలి ఆమ్లం పొట్టంతా చిందుతుంది. కత్తితో పొడిచినట్టు ఒక్కసారిగా నొప్పి వచ్చి, పొట్ట చెక్కలా బిగుసుకుపోతుంది. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే డయాఫ్రం కింద గాలి కనిపిస్తుంది. దీనికి అత్యవసరంగా ఆపరేషన్ చేయాలి. ఇక వెనక గోడకు ఆనుకుని గ్యాస్ట్రోడుయోడినల్ ధమని పోతుంటుంది. అక్కడి పుండు ఆ రక్తనాళాన్ని కొరికితే రక్తస్రావమే. మా ఉపాధ్యాయుడికి జరిగింది ఇదే. ఒకే పేగు, ఒకే రకం పుండు.. గోడ మారితే జబ్బు తీరే మారిపోతుంది.

రెండో భాగం: 7 నుంచి 8 సెంటీమీటర్లు ఉంటుంది. కుడి మూత్రపిండానికి ముందుగా కిందికి దిగుతుంది. దీన్ని బెజవాడ జంక్షన్ అనొచ్చు. కాలేయం, పిత్తాశయం నుంచి పైత్యరసాన్ని తెచ్చే నాళం, క్లోమం నుంచి జీర్ణరసాలను తెచ్చే నాళం కలిసి వచ్చి ఇక్కడే తెరుచుకుంటాయి. లోపలి గోడ మీద చిన్న బొడిపెలా కనిపించే ఆ ద్వారాన్ని పాపిల్లా అంటారు. పిత్తాశయంలోని రాయి జారి వచ్చి ఈ ద్వారం దగ్గర ఇరుక్కుంటే రెండు లైన్లూ ఆగిపోవచ్చు. పైత్యం వెనక్కి తన్ని కామెర్లు వస్తాయి. క్లోమరసం నిలిచిపోతే క్లోమం వాచి, వీపులోకి పాకే భరించలేని నొప్పి వస్తుంది. నోటి ద్వారా గొట్టం పంపి ఈ ద్వారం నుంచే రాయిని తీసే ప్రక్రియే ఈఆర్‌సీపీ.

ఇక్కడ మరో ముఖ్యమైన హెచ్చరిక. ఈ ద్వారం చుట్టుపక్కల, క్లోమం తలభాగంలో వచ్చే క్యాన్సర్లు తొలిరోజుల్లో నొప్పి లేకుండానే కామెర్లుగా బయటపడొచ్చు. కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద, మలం సున్నంలా పాలిపోతుంది, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. అది చూసి పసరు మందు కోసం ఊళ్లు తిరుగుతూ నెలలు పోగొట్టుకునేవారిని ఇప్పటికీ చూస్తున్నాం. నలభై దాటినవారికి నొప్పి లేకుండా కామెర్లు వస్తే ముందు చేయించాల్సింది అల్ట్రాసౌండ్ స్కాన్. పాపిల్లా క్యాన్సర్లను తొందరగా పట్టుకుంటే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం బాగానే ఉంటుంది.

మూడో భాగం: సుమారు 10 సెంటీమీటర్లు. కుడి నుంచి ఎడమకు వెన్నెముక మీదుగా అడ్డంగా సాగుతుంది. వెనక శరీరంలోకెల్లా పెద్ద ధమని, ముందు పేగులకు రక్తాన్నిచ్చే ధమని.. ఈ రెండింటి మధ్య సందులోంచి పోతుంది. మామూలుగా ఆ సందులో కొవ్వు మెత్తలా ఉండి పేగును కాపాడుతుంది. తీవ్రమైన జబ్బుతోనో, అతి డైటింగ్‌తోనో మనిషి వేగంగా చిక్కిపోతే ఆ కొవ్వు కరిగి, రెండు ధమనుల మధ్య పేగు నొక్కుకుపోవచ్చు. ఇది అరుదే. కానీ బాగా చిక్కిపోయిన మనిషి కాస్త తినగానే కడుపు ఉబ్బి, ఆకుపచ్చగా వాంతి చేసుకుంటుంటే డాక్టర్లు దీన్ని కూడా గుర్తుచేసుకుంటారు.

ఈ భాగానికి వెనక ఉన్నది గట్టి వెన్నెముక. అందుకే సైకిల్ హ్యాండిల్ పొట్టలో గుచ్చుకున్నా, ప్రమాదంలో స్టీరింగ్ గట్టిగా తగిలినా డుయోడినం రాయికీ సుత్తికీ మధ్య చిక్కినట్టు నలుగుతుంది. పొట్ట వెనక గోడకు అతుక్కుని ఉండటంతో గాయం తాలూకు లక్షణాలు వెంటనే బయటపడవు. పిల్లవాడు సైకిల్ మీంచి పడ్డాక కాసేపు బాగానే ఆడుకుని, ఆ రాత్రో మర్నాడో పొట్టనొప్పి, వాంతులు మొదలయ్యాయంటే ‘చిన్న దెబ్బేలే’ అనుకోకూడదు.

నాలుగో భాగం: రెండున్నర సెంటీమీటర్లే. పైకి ఎక్కి, ఒక్కసారి వంగి జెజునంలో కలుస్తుంది. ఆ వంపును వెనక గోడకు కట్టి ఉంచే తాడు లాంటిది ట్రీట్జ్ లిగమెంట్. డాక్టర్లకు ఇది సరిహద్దు రాయి లాంటిది. దీనికి పైన రక్తం పోతే సాధారణంగా నెత్తుటి వాంతి గానీ, తారులాంటి నల్లటి విరేచనం గానీ అవుతుంది. రక్తం ఆమ్లంతో కలిసి, పేగుల్లో ప్రయాణించేసరికి నల్లబడిపోతుంది. చాలా ఎక్కువగా పోతే మాత్రం ఎర్రగానే రావొచ్చు.

ఆమ్లాన్ని చల్లార్చే నేర్పు

జీర్ణాశయంలోని ఆమ్లం చాలా ఘాటైనది. దాన్ని తట్టుకునే మందమైన జిగురు పొర జీర్ణాశయానికి ఉంది. పేగుకు అంత రక్షణ లేదు. అందుకే డుయోడినం కొన్ని ఏర్పాట్లు చేసుకుంది. దాని గోడలోని బ్రున్నర్ గ్రంథులు క్షార గుణమున్న జిగురును స్రవిస్తాయి. పైలోరస్ గేటు కూడా ఆహారాన్ని ఒకేసారి కుమ్మరించదు, కొద్దికొద్దిగానే వదులుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. ఆమ్లం తగలగానే డుయోడినం సెక్రెటిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. అది వెళ్లి క్లోమాన్ని తట్టిలేపితే, ఆమ్లాన్ని చల్లార్చే బైకార్బొనేట్ రసం వచ్చి పడుతుంది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. ‘హార్మోన్’ అనే మాటను 1905లో స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చిందీ ఈ పరిశోధన తర్వాతే. అంటే ఇవాళ థైరాయిడ్, ఇన్సులిన్ అంటూ మనం మాట్లాడుకునే హార్మోన్ల కథకు నాంది పలికింది ఈ జానెడు పేగే! కొవ్వు పదార్థాలు వచ్చినప్పుడు ఇది కొలిసిస్టోకైనిన్ అనే మరో హార్మోన్‌ను వదులుతుంది. అప్పుడు పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని పంపుతుంది. పిత్తాశయంలో రాళ్లున్నవారికి గారెలు, బిర్యానీ తిన్న గంటా రెండు గంటలకు కుడి డొక్క పైన నొప్పి రావటానికి కారణం ఇదే.

ఐరన్ పట్టేది ఇక్కడే

మనం తినే ఐరన్‌లో ఎక్కువ భాగం డుయోడినంలోనే రక్తంలోకి చేరుతుంది. గోంగూర, తోటకూర, రాగులు, పప్పుల వంటి వాటిలోని ఐరన్ తేలికగా ఒంటబట్టదు. నిమ్మరసం, ఉసిరి, జామ వంటి వాటిలోని విటమిన్ సి దానికి సాయం చేస్తుంది. టీ, కాఫీ అడ్డుపడతాయి. అందుకే భోజనం చేస్తూనో, చేసిన వెంటనేనో టీ తాగొద్దని, ఐరన్ మాత్రను టీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దని చెబుతాం. కనీసం గంటా రెండు గంటల ఎడం ఉండాలి.

కొంకిపురుగులు తిష్ట వేసేది కూడా డుయోడినం, జెజునంలోనే. అవి గోడను కరచి పట్టుకుని రోజూ కొద్దికొద్దిగా రక్తం పీలుస్తాయి. మనిషికి నొప్పి తెలియదు, రక్తం మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చేది ఇలాంటి పురుగుల కోసమే. ‘మా అబ్బాయికి పురుగులు లేవు’ అంటూ ఆ మాత్రను పక్కన పెట్టకండి.

ఫోలిక్ యాసిడ్ కూడా చిన్నపేగు పైభాగంలోనే ఒంటబడుతుంది. స్ప్రూ అనే జబ్బులో పేగు పొర దెబ్బతిని, పోషకాలు అందక మనిషి విరేచనాలతో, రక్తహీనతతో కృశించిపోతాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని బృందం 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశాక ఈ జబ్బు చికిత్సకు గొప్ప ఆసరా దొరికింది. ఇవాళ గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనక ఉన్న కథా ఇదే.

కారం కాదు.. అసలు దోషులు ఇద్దరు

అల్సర్ అనగానే ‘కారం తిన్నావు, టెన్షన్ పడ్డావు’ అంటారు. కారంతో పుండు ఉన్నచోట మంట పెరగొచ్చు. కానీ పుండును పుట్టించేది సాధారణంగా అది కాదు. డుయోడినంలో పుండ్లకు ప్రధాన కారణాలు రెండు.

ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియా వైద్యులు రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1980ల తొలినాళ్లలో దీని సంగతి బయటపెట్టినప్పుడు ఆమ్లంలో క్రిమి బతకటమేమిటని చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగి, జీర్ణాశయం వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మనదేశంలో ఈ బ్యాక్టీరియా చాలామందిలో ఉంటుంది, అందరికీ పుండు పడదు. పడినవారికి మాత్రం బ్యాక్టీరియాను తరిమేయకపోతే పుండు మాని మళ్లీ మళ్లీ వస్తుంది.

రెండోది నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటివి నొప్పితో పాటు పేగు పొరకు రక్షణనిచ్చే పదార్థాలనూ తగ్గించేస్తాయి. ఇంజెక్షన్‌గా తీసుకుంటే పొట్టకు ఏమీ కాదనుకోవటం పొరపాటు. రక్తంలోకి చేరాక ప్రభావం ఒకటే. అరవై దాటినవారికి, రక్తం పల్చబడే మందులు, స్టెరాయిడ్లు వాడేవారికి, గతంలో అల్సర్ ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. పొగతాగటం పుండును మాననివ్వదు. అయితే గుండెజబ్బుకు డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపేయొద్దు. అది గుండెకే ముప్పు తేవొచ్చు. పొట్టకు రక్షణగా ఏం వాడాలో డాక్టర్‌నే అడగండి.

‘గ్యాస్ మాత్ర’ దాచిపెట్టే నిజం

డుయోడినంలో పుండు ఉంటే చాలామందికి ఖాళీ కడుపుతో నొప్పి మొదలవుతుంది. కాస్త తింటే తగ్గుతుంది. రాత్రి ఒంటిగంటా రెండు గంటలప్పుడు నిద్రలేపే నొప్పి మరో గుర్తు. అయితే పెద్దవయసువారిలో, నొప్పి మాత్రలు వాడేవారిలో ఏ నొప్పీ లేకుండా నేరుగా రక్తస్రావంతోనే బయటపడొచ్చు.

పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి మంచి మందులే. అయితే వాటిని డాక్టర్ చెప్పినన్ని రోజులు, సాధారణంగా పరగడుపున, ఆహారానికి అరగంట ముందు వేసుకోవాలి. నెలల తరబడి సొంతంగా వాడుతుంటే లక్షణాలు అణగిపోయి, పుండో, మరేదైనా పెద్ద జబ్బో లోపల దాగి ఉండిపోవచ్చు. పైగా ఆ మాత్రలు వాడుతూ పైలోరీ పరీక్ష చేయించుకుంటే లేదని తప్పుగా రావొచ్చు. అందుకే కనీసం రెండు వారాలు ఆపి పరీక్షించమంటారు. ఊపిరి పరీక్ష, మలపరీక్ష, ఎండోస్కోపీలో తీసే చిన్న ముక్క.. వీటితో బ్యాక్టీరియాను గుర్తించొచ్చు. చికిత్స సాధారణంగా 14 రోజులు. మూడు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తారు. వారానికే బాగుందని మానేస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది. కోర్సు అయిపోయిన నాలుగు వారాల తర్వాత అది పోయిందో లేదో మళ్లీ పరీక్షించుకోవాలి.

ఎండోస్కోపీ అంటే భయపడేవారు ఎక్కువ. గొంతుకు మందు స్ప్రే చేసి, సన్నటి గొట్టంతో కొద్ది నిమిషాల్లో చూసేస్తారు. డుయోడినం రెండో భాగం దాకా కళ్లతో చూడొచ్చు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో విరేచనం అవుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది గానీ అంత జిగట, అంత వాసన ఉండవు. అనుమానముంటే చూపించుకోవటమే మంచిది.

నెత్తుటి వాంతి, కాఫీ పొడి కలిపినట్టుండే వాంతి.

ఒక్కసారిగా కత్తితో పొడిచినట్టు నొప్పి, పొట్ట గట్టిపడటం.

కళ్లు పచ్చబడి, మలం తెల్లగా పాలిపోవటం.

కారణం లేకుండా బరువు తగ్గటం, తిన్నది గంటల తర్వాత వాంతి కావటం, ఎంతకీ తగ్గని రక్తహీనత.

అప్పుడే పుట్టిన బిడ్డ ఆకుపచ్చగా వాంతి చేసుకుంటే గంటలు కూడా ఆగకూడదు. కొందరు పిల్లల్లో డుయోడినం పుట్టుకతోనే మూసుకుపోయి ఉంటుంది. పేగు మెలిక పడినా ఇలాగే ఉంటుంది. వెంటనే పిల్లల సర్జన్ చూడాలి.

చివరగా ఒక మాట. పొట్ట పైభాగంలో నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే గ్యాస్ మాత్ర వెతుక్కోకండి. ముందు ఈసీజీ తీయించండి. అది గుండెపోటు కావొచ్చు.

ఇంతకీ మా ఉపాధ్యాయుడి సంగతి. ఎండోస్కోపీలో తీసిన ముక్కలో పైలోరీ ఉన్నట్టు తేలింది. 14 రోజుల కోర్సు పూర్తిచేశారు. మళ్లీ పరీక్షిస్తే బ్యాక్టీరియా లేదు. మోకాళ్లకు ఇప్పుడు వ్యాయామాలు చేస్తున్నారు, నొప్పి మరీ ఎక్కువైతే అడిగి పారాసెటమాల్ వేసుకుంటున్నారు. మొన్న ఓపీకి వచ్చినప్పుడు వరుసలో ముందున్నాయన ‘నాకు గ్యాస్ డాక్టరు గారూ’ అంటుండగా వెనక నుంచి ఈయనే అందుకున్నారు. ‘‘గ్యాస్ అనకండి. ఎక్కడ నొప్పి, ఎప్పుడు వస్తోంది, ఏం మాత్రలు మింగుతున్నారు.. అది చెప్పండి!’’

నేను అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆయనే అడిగేశారు.